ఎక్స్‌పోర్ట్ కంపెనీలో చేరితే జీతం పెరుగుతుందా?

ప్రశ్న: అక్కా, నాకు 29 ఏళ్లు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి ఆరేళ్లుగా జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ (మందుల్లో వాడే ముడి రసాయనం) యూనిట్‌లో ప్రొడక్షన్ షిఫ్ట్ కెమిస్ట్‌గా చేస్తున్నాను. గ్రాస్ 26 వేలు, అందులో బేసిక్ 13 వేలు. ఓటీ కింద నెలకు సగటున ఇంకో రెండున్నర వేలు వస్తుంది. మా సరుకంతా ఇండియాలోనే అమ్ముడవుతుంది. ఇప్పుడు పాశమైలారంలో అమెరికాకు, యూరప్‌కు ఎగుమతి చేసే పెద్ద కంపెనీలో ఆఫర్ వచ్చింది. సీటీసీ నెలకు 33 వేలు. కానీ మొదటి ఏడాది కాంట్రాక్టర్ రోల్స్‌లో (కంపెనీ ఉద్యోగిగా కాక, కాంట్రాక్టర్ మనిషిగా) ఉండాలి, తర్వాత ‘పర్ఫార్మెన్స్ చూసి’ కంపెనీ రోల్స్‌లోకి తీసుకుంటారట. ఓటీ లేదు, బదులుగా సెలవు (కాంప్ ఆఫ్) ఇస్తారు. మా సార్‌తో చెప్తే ‘మనం కూడా ఎక్స్‌పోర్ట్‌లోకి వెళ్తున్నాం, ఆడిట్ అయిపోతే అందరి జీతాలూ పెంచుతా, ఆగు’ అన్నారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా బావగారు ‘డాలర్ 90 దాటింది, ఎక్స్‌పోర్ట్ వాళ్లకు పండగే, కళ్లు మూసుకుని చేరిపో’ అంటారు. అమ్మ మాత్రం పాశమైలారం పేరెత్తితేనే వద్దంటోంది. ఎగుమతి చేసే కంపెనీల్లో ఉద్యోగాలు, జీతాలు నిజంగానే మెరుగ్గా ఉంటాయా? నేనేం చేయాలి?
— షాపూర్‌నగర్ నుంచి ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, మీ బావగారు చెప్పినదాంట్లో సగం నిజమే. ఎగుమతి చేసే ఫ్యాక్టరీలు మిగతావాటి కంటే ఎక్కువ జీతాలిస్తాయని చాలా దేశాల లెక్కల్లో తేలింది. 1995లో ఆండ్రూ బెర్నార్డ్, బ్రాడ్‌ఫర్డ్ జెన్సెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో 1976 నుంచి 1987 దాకా ఫ్యాక్టరీల వివరాలు తీసి, ఎగుమతి చేసేవాటినీ చేయనివాటినీ పక్కపక్కన పెట్టి చూశారు. ఎగుమతి చేసే ఫ్యాక్టరీలు పెద్దవి, అక్కడ మనిషికి వచ్చే ఉత్పత్తి ఎక్కువ, జీతాలు ఎక్కువ, జీతం కాకుండా ఇచ్చే సదుపాయాలు ఇంకా ఎక్కువ.

మిగతా సగం చూద్దాం. 2002 నాటి అమెరికా లెక్కల్లో ఈ జీతాల తేడా సుమారు 17 శాతం. ఒకే రంగంలోని కంపెనీలను మాత్రమే పోల్చి చూస్తే అది 6 శాతం దగ్గరికి పడిపోయింది. అంటే మందుల కంపెనీని బిస్కెట్ కంపెనీతో పోల్చినప్పుడు కనిపించే తేడాలో చాలావరకు ఆ రంగానిదే. జర్మనీలో ఇంకా లోతుకు వెళ్లి, పనిచేసే మనుషుల చదువు, అనుభవం కూడా లెక్కలోకి తీసుకున్నారు. 2007లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, అమ్మకాల్లో 60 శాతం ఎగుమతులే ఉన్న ప్లాంట్‌లో కార్మికుడికి, అన్ని విధాలా అలాంటిదే అయినా ఎగుమతి చేయని ప్లాంట్‌లోని కార్మికుడి కంటే 1.8 శాతం మాత్రమే ఎక్కువ వస్తోంది. ఆఫీసు ఉద్యోగులకైతే 0.9 శాతం. నీ 26 వేల మీద 1.8 శాతం ఎంతో వేసుకో, ఐదు వందలు కూడా కాదు.

17 శాతం అంతగా ఎందుకు కరిగిపోయింది? కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎక్కడ చూసినా ర్యాంకుల ఫొటోలతో కాలేజీల బోర్డులే కదా. ఆ ఫొటోల్లోని పిల్లల్లో చాలామంది ఆ కాలేజీలో చేరకముందే చురుకైనవాళ్లు. ఎగుమతి కంపెనీల సంగతీ అంతే. బెర్నార్డ్, జెన్సెన్ 1999లో ఇదే ప్రశ్న మళ్లీ పట్టుకున్నారు. రేపు ఎగుమతి మొదలుపెట్టబోయే కంపెనీలు మొదలుపెట్టకముందే మిగతావాటి కంటే పెద్దవిగా, మంచి జీతాలు ఇచ్చేవిగా ఉన్నాయి. మన ఊరి బల్క్ డ్రగ్ చరిత్ర కూడా అదే చెబుతుంది. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌కు బాలానగర్‌లో ప్లాంట్ వచ్చింది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి సొంత యూనిట్లు పెట్టుకున్నారు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారూ అక్కడ పనిచేసినవారే. ముందు చేతికి పని వచ్చింది, విదేశీ ఆర్డర్లు ఆ తర్వాత వచ్చాయి.

ఉద్యోగాల విషయంలో ఎగుమతుల మేలు ఇంతకంటే స్పష్టంగా కనిపిస్తుంది. అదే 1999 అధ్యయనంలో, ఎగుమతి చేసే ఫ్యాక్టరీల్లో మనుషుల సంఖ్య వేగంగా పెరిగింది, అవి మూతపడే అవకాశం తక్కువగా ఉంది. కానీ ఎగుమతి చేస్తున్నంత మాత్రాన జీతాలు మిగతావాళ్ల కంటే ఏటేటా వేగంగా పెరగలేదు. అక్కడ ఉద్యోగం నిలబడే అవకాశం ఎక్కువ, అంతవరకు నమ్మొచ్చు. మన దేశంలో దీనికి ఒక మెలిక ఉంది. పరిశ్రమల వార్షిక సర్వే ప్రకారం ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టర్ల ద్వారా వచ్చినవాళ్ల వాటా 40 శాతం దాటింది. ఆర్డర్లు పెరిగి కొత్తగా వందమందిని తీసుకున్నామని కంపెనీ చెబితే, అందులో ఎందరు కంపెనీ రోల్స్‌లో ఉన్నారో అడగాలి.

ఇప్పుడు లోపలి సంగతి. నేను పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో లోకల్ మార్కెట్ యూనిట్లు రెగ్యులేటెడ్ మార్కెట్‌కు (అమెరికా, యూరప్ లాంటి కఠిన నియమాల మార్కెట్‌కు) మారడం దగ్గర్నుంచి చూశాను. ముందు బయట నుంచి ఒక క్యూఏ (నాణ్యతకు పూచీ పడే విభాగం) హెడ్ వస్తాడు, అతని జీతం విని పాత ప్రొడక్షన్ మేనేజర్‌కు నిద్ర పట్టదు. తర్వాత క్యూసీలో (పరీక్షల ల్యాబ్‌లో) మందు స్వచ్ఛత కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద పనిచేసేవాళ్లను తీసుకుంటారు. వాలిడేషన్ (ప్రతిసారీ ఒకే నాణ్యత వస్తుందని రుజువు చేసే పని) చూసేవాళ్లు, డాక్యుమెంటేషన్ చూసేవాళ్లు వస్తారు. ప్రొడక్షన్‌లో మాత్రం రియాక్టర్లు అవే, కిలోలీటర్లు అవే, కాబట్టి షిఫ్ట్‌కు కెమిస్టులూ అంతేమంది ఉంటారు. కాకపోతే పని మారిపోతుంది. ఇదివరకు షిఫ్ట్ చివర్లో కూర్చుని నింపే బ్యాచ్ రికార్డు ఇప్పుడు ఏ స్టెప్‌కు ఆ స్టెప్ అప్పటికప్పుడే రాయాలి. ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు అటూఇటూ అయితే డీవియేషన్ (తేడా వచ్చిందన్న నివేదిక) రాయాలి, కారణం వెతకాలి. క్లీనింగ్ లాగ్‌లో ఒక సంతకం తప్పిపోతే రేపు యూఎస్ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఇన్‌స్పెక్టర్ రాసిచ్చే లోపాల జాబితా, ఫార్మ్ 483లో అదే ఒక పాయింట్ అవుతుంది. బాధ్యత, టెన్షన్ ముందు పెరుగుతాయి. షాప్ ఫ్లోర్ మీద జీతం తర్వాతెప్పుడో పెరుగుతుంది, కొన్నిచోట్ల అదీ ఉండదు.

ఇది మన దగ్గరే ఉన్న వింత అనుకోకు. 1994 డిసెంబర్‌లో మెక్సికో కరెన్సీ విలువ బాగా పడిపోయి అక్కడి ఫ్యాక్టరీలకు ఎగుమతుల తలుపులు తెరుచుకున్నాయి. ఎరిక్ వెర్‌హూగెన్ అనే పరిశోధకుడు ఆ కాలాన్ని పరిశీలించాడు. అప్పటికే బాగా నడుస్తున్న ఫ్యాక్టరీలు నాణ్యత పెంచుకుని, ఐఎస్ఓ సర్టిఫికెట్లు తెచ్చుకుని ఎగుమతులు పెంచుకున్నాయి. అక్కడ కార్మికుల జీతాలూ పెరిగాయి, కానీ ఆఫీసు, టెక్నికల్ సిబ్బంది జీతాలు అంతకంటే ఎక్కువ పెరిగాయి. దాంతో ఒకే గేటు లోపల పనిచేసేవాళ్ల మధ్య దూరం పెరిగింది.

ఏ దేశానికి పంపుతున్నారన్నది కూడా చూడాలి. అర్జెంటీనా కంపెనీల మీద 2012లో వచ్చిన అధ్యయనం ఒకటుంది. 1999లో పక్కనున్న బ్రెజిల్ కరెన్సీ పడిపోవడంతో అక్కడికి పంపే కంపెనీలు వేరే మార్కెట్లు వెతుక్కోవాల్సి వచ్చింది. సంపన్న దేశాలకు పంపిన కంపెనీల్లో నైపుణ్యం ఉన్నవాళ్ల వాటా, సగటు జీతాలు రెండూ పెరిగాయి. ఊరికే ఎగుమతి చేయడం వల్ల అలాంటి ఫలితం కనిపించలేదు. మన భాషలో చెప్పాలంటే, డాక్యుమెంట్లు పెద్దగా అడగని దేశాలకు డ్రమ్ములు పంపే కంపెనీ కూడా ఎక్స్‌పోర్ట్ కంపెనీయే. కానీ అక్కడ ఏళ్లు గడిపినా నీ విలువ పెద్దగా పెరగదు. పాశమైలారం కంపెనీ అమెరికా, యూరప్‌కు పంపుతుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో దానికి మార్కులు వేయాలి.

బావగారి డాలర్ మాట త్వరగా ముగిద్దాం. డాలర్ పెరిగితే ఎగుమతిదారుకు రూపాయలు ఎక్కువ వస్తాయి, నిజమే. కానీ మన బల్క్ డ్రగ్ యూనిట్లు ఇంటర్మీడియెట్లలో (మధ్య దశ రసాయనాల్లో) చాలా భాగం చైనా నుంచి తెచ్చుకుంటాయి, వాటికీ డాలర్లలోనే కట్టాలి. పైగా అమెరికాలో జెనరిక్ మందుల కొనుగోళ్లు చాలావరకు మూడు పెద్ద బృందాల చేతుల్లో ఉన్నాయి. రూపాయి పడితే ధర తగ్గించమని వాళ్లే ముందు అడుగుతారు. ఇవన్నీ దాటి ఏమైనా మిగిలితే అప్పుడు షిఫ్ట్ కెమిస్ట్ దాకా వచ్చే సంగతి ఆలోచించాలి. బావగారి కంపెనీ లాభం వేరు, మన లాభం వేరు. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఖర్చు చాలావరకు రూపాయల్లో, రాబడి డాలర్లలో.

ఇక నీ ఆఫర్. కాగితం, పెన్ను తీసుకో. ఇప్పుడు నీకు 26 వేలు గ్రాస్. బేసిక్ మీద 12 శాతం పీఎఫ్ 1,560, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి 24,240. ఓటీ రెండున్నర వేలు కలిపితే 26,740. కొత్తచోట 33 వేలన్నది గ్రాస్ అనుకుంటున్నావేమో, అది సీటీసీ, అంటే కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు. అందులో కంపెనీ కట్టే పీఎఫ్, దాని చార్జీలు కలిపి 1,950 దాకా ఉంటుంది. బేసిక్ సగం, అంటే 16,500 అనుకుంటే గ్రాట్యుటీ కింద ఇంకో 800 పక్కన పెడతారు. మిగిలేది సుమారు 30,250. అందులోంచి నీ వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి వచ్చేది సుమారు 28,250. ఓటీ లేదు. అంటే తేడా నెలకు 1,500 రూపాయలు. ఇన్సూరెన్స్, బస్సు, క్యాంటీన్ కూడా సీటీసీలో కలిపి ఉంటే అదీ మిగలదు. ఆఫర్ లెటర్‌కు జతచేసే శాలరీ బ్రేకప్ తెప్పించుకుని ఈ లెక్క మళ్లీ వెయ్యి. గ్రాస్ 21 వేలు దాటింది కాబట్టి నీకు ఈఎస్ఐ ఎలాగూ లేదు. మెడికల్ ఇన్సూరెన్స్ అమ్మకు కూడా వర్తిస్తుందా, కాంట్రాక్టర్ రోల్స్‌లో ఉన్నప్పుడు అసలు ఉంటుందా అని అడుగు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ 1,500 కాదు, కాంట్రాక్టర్ రోల్స్. ఎగుమతి ప్లాంట్ బతుకు ఇన్‌స్పెక్షన్ మీద ఆధారపడి ఉంటుంది. యూఎస్ఎఫ్‌డీఏ నుంచి వార్నింగ్ లెటర్ వస్తే కొత్త అనుమతులు ఆగిపోవచ్చు. ఇంపోర్ట్ అలర్ట్ పడితే సరుకు అమెరికా పోర్టులోనే నిలిచిపోతుంది. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు జెనరిక్ మందులను మినహాయించారు కాబట్టి మనవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. రొయ్యలు, బట్టల రంగాల్లో పనిచేసేవాళ్లకు ఆ అదృష్టం దక్కలేదు. ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు కంపెనీ ముందు మనుషుల్ని తగ్గించమని కాంట్రాక్టర్‌కు ఫోన్ చేస్తుంది. ఎగుమతి ప్లాంట్‌లో ఉద్యోగం గట్టిదని పైన చెప్పానే, ఆ గట్టితనం కంపెనీ రోల్స్‌లో ఉన్నవాళ్లకే ఎక్కువ. ‘పర్ఫార్మెన్స్ చూసి’ అన్నది హామీ కాదు. ఎన్ని నెలలకు, ఏ ప్రమాణంతో, ఏ జీతంతో రోల్స్‌లోకి తీసుకుంటారో ఆఫర్ లెటర్‌లో రాయమను. రాయకపోతే, గత రెండేళ్లలో అలా చేరిన కెమిస్టుల్లో ఎందరు రోల్స్‌లోకి వచ్చారో అక్కడ పనిచేసేవాళ్లనే అడుగు. చాయ్ దగ్గర పది నిమిషాలు నిలబడితే నిజం తెలుస్తుంది. అమ్మకాల్లో అమెరికా ఒక్కదాని వాటా ఎంతో కూడా అక్కడే అడుగు.

అమ్మ భయాన్ని కొట్టిపారేయకు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు. విదేశీ ఇన్‌స్పెక్టర్లు వచ్చే ప్లాంట్ కాబట్టి భద్రంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. యూఎస్ఎఫ్‌డీఏ వాళ్లు చూసేది మందు నాణ్యత, రికార్డుల నిజాయితీ. నీ ప్రాణానికి పూచీ వాళ్ల పని కాదు. కొందరు యూరప్ కస్టమర్లు సేఫ్టీ ఆడిట్ విడిగా చేస్తారు, అది జరిగిందేమో కనుక్కో. నువ్వు కెమిస్ట్‌వి, కంటితోనే చాలా చూడగలవు. సెంట్రిఫ్యూజ్‌కు నైట్రోజన్ పెడుతున్నారా, సాల్వెంట్ డ్రమ్ములకు ఎర్తింగ్ ఉందా, డ్రైయర్ గదిలో పౌడర్ పేరుకుపోయి ఉందా? చేరేముందు ఒకసారి ప్లాంట్ చూపించమను. చూపించడానికి వెనకాడితే అమ్మ మాటే విను. అలాగే ఇదే కళ్లతో ఇప్పుడున్న జీడిమెట్ల యూనిట్‌నూ ఒకసారి చూడు. అలవాటైన చోటు కాబట్టి అమ్మకు అక్కడ భయం లేదంతే.

మీ సార్ మాటకు వద్దాం. ‘ఆడిట్ అయిపోతే’ అన్నది ఆయన చేతిలో లేని తేదీ. అమెరికా మార్కెట్‌కైతే వాలిడేషన్ బ్యాచ్‌లు తీయాలి, మామూలుగా మూడు తీస్తారు. వాటిని స్టెబిలిటీకి (ఎంతకాలం పాడవకుండా ఉంటుందో చూసే పరీక్షకు) పెట్టాలి, వేగవంతమైన పరీక్షే ఆరు నెలలు. తర్వాత డీఎంఎఫ్ (తయారీ వివరాలన్నీ ఉన్న ఫైల్) యూఎస్ఎఫ్‌డీఏ దగ్గర వేయాలి. వేయగానే ఇన్‌స్పెక్టర్ విమానం ఎక్కడు. ఆ డీఎంఎఫ్‌ను చూపించి అక్కడ ఏదో ఒక మందుల కంపెనీ అప్లికేషన్ పెట్టుకుంటే అప్పుడు కదలిక వస్తుంది. అన్నీ సవ్యంగా జరిగినా ఏడాదిన్నర, రెండేళ్లు. కాబట్టి ఆయన మాటను చూడకు, ఖర్చును చూడు. క్యూఏ హెడ్‌ను పెట్టారా? ల్యాబ్‌లో ఎవరు ఏ రీడింగ్ మార్చారో నమోదయ్యే సాఫ్ట్‌వేర్ కొన్నారా? వాటర్ సిస్టమ్ మార్చారా? ఇవేవీ లేకుండా రిసెప్షన్‌లో గాజు తలుపులు, గేటుకు కొత్త పెయింట్ మాత్రమే కనిపిస్తే, ఆ ఎక్స్‌పోర్ట్ మాట బ్యాంకు లోన్ కోసం కావచ్చు.

నిజంగానే ఖర్చు పెడుతుంటే మాత్రం నీకు ఇది మంచి అవకాశం, పాశమైలారం కంటే మంచిది కూడా కావచ్చు. ఎందుకంటే ఒక ప్లాంట్‌ను లోకల్ నుంచి రెగ్యులేటెడ్‌కు మార్చిన టీమ్‌లో ఉన్న కెమిస్ట్‌కు హైదరాబాద్ చుట్టుపక్కల ఎక్కడికెళ్లినా గిరాకీ ఉంటుంది. ఇంటర్వ్యూలో ‘ఆడిట్ ఫేస్ చేశావా?’ అన్న ప్రశ్నకు అవునని చెప్పగలిగినవాడికి జీతం మాట్లాడుకునే బలం వస్తుంది. చాలామందికి ఎగుమతుల డబ్బు చేతికొచ్చేది అలాగే, ఉన్నచోట ఇంక్రిమెంట్‌గా తక్కువ, తర్వాత మారిన కంపెనీలో ఎక్కువ. అయితే దానికి నువ్వు షిఫ్ట్‌లో రియాక్టర్ దగ్గరే ఉండిపోతే కుదరదు. సార్ దగ్గరికెళ్లి జీతం సంగతి కంటే ముందు ఇది అడుగు: ‘సార్, నన్ను వాలిడేషన్ టీమ్‌లో వేయండి, లేదా క్యూఏలో ఐపీక్యూఏకి (తయారీ జరుగుతుండగానే నాణ్యత చూసే టీమ్‌కి) మార్చండి.’ ప్రొడక్షన్ తెలిసిన మనిషి క్యూఏకి దొరకడం కష్టం, ఆయనకూ లాభమే. దాంతోపాటు ఇప్పుడే రెండు మూడు వేలు పెంచి, మిగతాది ఆరు నెలల తర్వాత మాట్లాడదామని లెటర్ ఇవ్వమను. చేతిలో ఆఫర్ ఉన్నప్పుడే ఇది అడగడం తేలిక. బెదిరించినట్టు మాత్రం మాట్లాడకు. జీడిమెట్లలో అందరికీ అందరూ తెలుసు.

నా సలహా ఇది. ఆఫర్ ఇప్పుడున్న రూపంలో ఉంటే వద్దు. వాళ్లు నేరుగా కంపెనీ రోల్స్‌లోకి తీసుకుంటామంటే, ప్లాంట్ చూశాక నీకు నమ్మకం కుదిరితే, చేతికొచ్చే తేడా 1,500 మాత్రమే అయినా వెళ్లు. అక్కడ రెండేళ్లలో నేర్చుకునేది లోకల్ యూనిట్‌లో దొరకదు. అది కుదరకపోతే, సార్ నిజంగా ఖర్చు పెడుతూ నిన్ను ఆ టీమ్‌లోకి తీసుకుంటే ఉండిపో. రెండూ కాకపోతే ఉన్న ఉద్యోగం చేసుకుంటూనే క్యూసీ, క్యూఏ ఖాళీల కోసం చూడు. బొల్లారం, బొంతపల్లి, జడ్చర్ల వైపు కూడా వెతుకు, పాశమైలారం ఒక్కటే లోకం కాదు.

ఎప్పుడు మానేసినా గ్రాట్యుటీ మర్చిపోకు. ఐదేళ్లు దాటింది కాబట్టి అది నీ హక్కు. 13 వేల బేసిక్‌ను 26తో భాగించి 15తో గుణిస్తే 7,500, ఆరేళ్లకు 45 వేలు. ‘ఫుల్ అండ్ ఫైనల్‌లో చూద్దాం’ అని దాటవేస్తే రాతపూర్వకంగా అడుగు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల కింద ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలానికి తీసుకున్న) ఉద్యోగికి ఏడాది పనిచేస్తే చాలు, గ్రాట్యుటీ వస్తుంది. కాబట్టి కాంట్రాక్టర్ ఇచ్చే లెటర్‌లో నిన్ను ఏమని రాస్తున్నారో సంతకం పెట్టే ముందే చదువు. పీఎఫ్ డబ్బు తీసేయకు, యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని నీ పీఎఫ్ నంబర్) మీద కొత్త ఖాతాకు మార్పించుకో.